ఆరు గుక్కలూ మింగేశాను

అమ్మా, బెంగళూరులో క్షేమమే. నాన్న ఫోన్ స్పీకర్లో పెడతాడని నువ్వు పనిచేసే మదనపల్లె ఆసుపత్రి అడ్రసుకు రాస్తున్నాను.

నిన్న మా హోటల్లో వైన్ వడ్డించే పనికి పరీక్ష. గుడ్డ చుట్టిన ఆరు సీసాలు, అన్నీ రీస్లింగ్ అనే తీపి లేని తెల్ల వైన్లే. రుచి చూసి ఉమ్మేసి, ఏది ఏ దేశానిదో చెప్పాలి. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం తాగిన నోరు కదా, ఉమ్మడానికి మనసొప్పక అన్నీ మింగేశాను. ఐదో గ్లాసుకి జర్మనీ, ఆస్ట్రేలియా ఒకటైపోయాయి, పరీక్ష తప్పాను.

వైన్ల సంగతి నేర్పే మా సారు మునిస్వామిది కుప్పం. "యాల మింగుతాండావు పాపా? వచ్చే నెల ఇంకొక్కసారే, ఉమ్మేది నేర్సుకో" అన్నారు.

ద్రాక్షరసం ఉమ్మితే పాపమా? పాస్టరమ్మగారిని ఎవరి సంగతో అన్నట్టు అడిగి రాయి. నాన్న బీపీ మాత్రలు వేసుకుంటున్నాడా? పుంగనూరు అవ్వకు వందనాలు.

ఆదివారం నా పరీక్ష కోసం ప్రార్థన చేయించు. ఏం పరీక్షో మాత్రం సంఘంలో చెప్పొద్దు.

కరుణ