గోడలోని పొడవు రాయి

తమ్ముడికి,

క్షేమం అడిగే ఓపిక ఇవాళ నాకు లేదు.

నిన్న నీ పెరట్లో కొత్త రాతిబల్ల మీద కూర్చోబెట్టి టీ ఇచ్చావు. బల్ల బాగుందిరా అని మెచ్చుకున్నాను కూడా. కప్పు కింద పెట్టబోతే రాతి అంచున నా సుత్తిదెబ్బ కనిపించింది. ఆ రాయి చెక్కిన రోజు నలిగిన గోరు ఇంకా నల్లగానే ఉంది. టీ అక్కడే వదిలేసి లేచొచ్చేశాను.

చేలోంచి పోయే కాలిబాట పక్క గోడ కోసం మనమంతా సెలవులన్నీ ధారపోశాం. సిమెంటు లేని గోడ అది. ముందూ వెనకా ఉన్న రెండు రాళ్ల వరసల్నీ అడ్డంగా కలిపి పట్టేది, నువ్వు బల్ల చేసుకున్న ఆ పొడవు రాయే. దాన్ని లాగితే గోడ కడుపు ఉబ్బి కూలుతుందని, మాతో రాళ్లు మోసిన నీకు తెలీదా?

ఇవాళ పొద్దున కూలింది. మేకలు దూరి చేను మేసేశాయి. గోడ నిలబడకపోతే బాట మూసేస్తానని చేను ఆసామి ముందే చెప్పాడు. ఇక బడిపిల్లలు లారీల రోడ్డు మీద నడవాలి కాబోలు. అందరూ మేకలాయన్ని తిడుతున్నారు. కంచే చేను మేసిందని ఎవరితో చెప్పుకోను?

ఆదివారం పొద్దున్నే ఆ రాయి గోడ దగ్గరుండాలి.

అది ఒక్కడు లేపే రాయి కాదు. రెండో కొస ఎవరు పట్టారో అడగను. మీ బావగారు నడుం పట్టేసిందని వారంగా మూలుగుతుంటే కాపడం పెడుతున్నది నేనే. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చి పంపుతున్నాను.

కవరు అంటించలేదు. దారిలో ఆయన కూడా చదువుకోవచ్చు.

అక్క