ఓడెక్కని సిపాయిలు

మానస వాళ్ళ డాడీకి, అమీర్‌పేట నుంచి నమస్కారం చేసి రాస్తున్నది.

ఇక్కడ నేను, మానస, మీ బాపు ముగ్గురం బాగానే ఉన్నాం. మీరు కూడా బాగున్నారని, కాస్త ఒళ్ళు చేశారని దివ్యశ్రీ చెప్పింది. మన హాస్టల్లో ఉండే రాజమండ్రి పిల్లకు మనీలాలో డాక్టరు చదివే అక్క ఉందని నాకు ఇదివరకు తెలియదు. ఆ అక్కే దివ్యశ్రీ. సెలవులకు వచ్చి, చెల్లెలి గదిలో పెట్టె దించకముందే వంటింట్లోకి వచ్చి మీ కవరు నా చేతికిచ్చింది. అంకుల్ గారు మీకే ఇమ్మన్నారండి, ఫోన్లో చెప్పలేనిదట, ఏంటి ఆంటీ, అంతా బాగానే ఉందా అని అడిగింది. బాగానే ఉందన్నాను. అప్పటికింకా చదవలేదు కదా. సోమవారం ఆమె తిరిగి వెళ్తోంది, ఈ జవాబు ఆమె చేతికే ఇస్తాను. వాట్సాప్‌లో మొదలుపెట్టి తుడిచేశాను. మీరు కాగితం మీద రాసినప్పుడు నేనూ కాగితం మీద రాయడమే మర్యాద అనిపించింది.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. హాస్టల్ ఎట్లా నడుస్తోందన్నారు. నడుస్తోంది. మంచాలన్నీ నిండాయి. మీరు జావా చెప్పిన ఇన్‌స్టిట్యూట్ బోర్డు తీసేసి ఇప్పుడక్కడ ఏఐ నేర్పిస్తామని రాశారు. పిల్లల్లో మాత్రం అదే భయం, పొద్దున ఇడ్లీ అయిపోతుందని అదే తొందర. వంట ఇప్పటికీ మసూదాయే చూస్తోంది. నీళ్ళ ట్యాంకర్ వచ్చిన రోజు సందులో ఎవరో ఒకరితో గొడవ ఉంటుంది, అది కూడా మారలేదు.

మానస సంగతి అడిగారు. బంజారాహిల్స్‌లో ఒక ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో చేరింది, షిఫ్టు డ్యూటీ. మీ ఉత్తరం వచ్చిందని చెప్పి, చదువుతావా అన్నాను. నాకు రాసింది కాదు కదా అంది. పేరు చూశాను, నిజమే, మీరు దానికి రాయలేదు. స్నానం చేసి డ్యూటీకి పోయింది.

ఇక మీ ఉత్తరంలో ఎక్కువ భాగం సిపాయిలే ఉన్నారు. మొదటిసారి చదివినప్పుడు ఈయనకేమైనా అయ్యిందా అనుకున్నాను. రెండోసారి అర్థమైంది. రెండు వందల అరవై ఏళ్ళ కింద ఇంగ్లీషువాళ్ళు మద్రాసులో సిపాయిలను ఓడలెక్కించి తీసుకుపోయి, స్పెయిన్ వాళ్ళ ఏలుబడిలో ఉన్న మనీలాను పట్టుకున్నారట. రెండేళ్ళు తిరగకముందే ఊరు వాళ్ళకు తిరిగిచ్చేసి వెనక్కి బయల్దేరారట. అప్పుడు కొందరు సిపాయిలు ఓడెక్కలేదట. మనీలా పక్కన మీరుంటున్న ఆ కైంతా ఊళ్ళోనే, ఆ చుట్టుపక్కలే ఆగిపోయి, అక్కడి ఆడవాళ్ళను చేసుకుని, పిల్లల్ని కని, ఆ మట్టిలోనే కలిసిపోయారట. ఇప్పటికీ ఆ ఊళ్ళో కొందరి ముఖాలు మన ముఖాల్లాగే ఉంటాయని, పల్లీల ముద్ద వేసి వండే కరెకరె అనే కూర ఆ సిపాయిలు నేర్పిందేనని కొందరంటారని రాశారు. పరీక్షలకు చదివేటప్పుడు కూడా మీరింత చరిత్ర చదివి ఉండరు. పల్లీల కూర కోసం సముద్రం దాటాలా, మసూదాను అడిగితే వారానికి రెండుసార్లు చేసిపెట్టేది.

మన వంశంలో ఎవరైనా పల్టన్‌లో చేశారేమో బాపును అడుగు అన్నారు. అడిగాను. బాపు చెవులు ఇప్పుడు బొత్తిగా పనిచేయడం లేదు, చెవి పక్కన నోరు పెట్టి అరవాలి. పల్టన్ అంటే ముందు బటన్ అనుకుని చొక్కా చూసుకున్నారు. తర్వాత అర్థమై నవ్వారు. మనది సిద్దిపేట దిక్కు, నిజాం ఇలాకా, మద్రాసు పల్టన్లకు మనోళ్ళెందుకు పోతరు, మా తాత సచ్చెదాక రైలే ఎక్కలే అన్నారు. కాబట్టి ఆ సిపాయిలు మీ పూర్వీకులు కారు. మీరే కొత్తగా వాళ్ళలో చేరారు.

చివరి పేజీలో అట్టడుగున రోవేనా అనే ఆమె గురించి రాశారు. మీరుంటున్న ఇల్లు ఆమెదేనని, జ్వరం వచ్చినప్పుడు చూసుకుందని, మూడేళ్ళుగా కలిసే ఉంటున్నారని. ఆమె నానమ్మ వాళ్ళది ఆ సిపాయిల వంశమేనని, అందుకే పరాయి మనిషిలా అనిపించదని. అంటే మీరు చుట్టాలింటికే వెళ్ళారన్న మాట.

సిపాయిల గురించి నాకూ ఒక సందేహం వచ్చింది. వాళ్ళ ఇళ్ళు ఎక్కడుండేవో రాశారు, ఎవరిని చేసుకున్నారో రాశారు, ఏం తిన్నారో రాశారు. ఓడెక్కేటప్పుడు వాళ్ళలో పెళ్ళయినవాళ్ళు ఉండరా? ఇవతలి ఒడ్డున ఉన్న ఆ ఆడవాళ్ళు ఏమయ్యారు? వెనక్కి వచ్చిన ఓడల దగ్గరికి వెళ్ళి చూసుకున్నారా, మావాడేడి అని ఎవరినైనా అడిగారా? చచ్చిపోయాడని చెప్పారా, ఉండిపోయాడని చెప్పారా? దివ్యశ్రీని అడిగితే పాపం చాలాసేపు ఫోన్లో వెతికింది. వాళ్ళ గురించి నాకేం కనపడలేదు ఆంటీ అంది. మీకు అక్కడ లైబ్రరీలు దగ్గరే కాబట్టి, ఎప్పుడైనా కనపడితే చూడండి. నాకు ఇప్పుడు తొందరేం లేదు.

ఇప్పుడు ఫోన్ సంగతి. దసరా ముందు ఆదివారం చేసిన ఫోన్లో మీరు నన్ను అడిగారని, నేను పెద్ద మనసుతో ఒప్పుకున్నానని, ఆ రోజు మీరు చాలాసేపు ఏడ్చారని రాశారు. నాకు ఆ ఫోన్ బాగా గుర్తుంది. మసూదా పక్కన చట్నీ మిక్సీ వేస్తోంది. మీరు అక్కడ వానలని, ఏదేదో చెప్పి, కాసేపు ఆగి, "ఇగ నేను ఉంట" అన్నారు. నేను "మంచిది, ఉండున్రి" అని ఫోన్ పెట్టేశాను.

ఫోన్ పెట్టేస్తున్నారనుకున్నానండీ. మనవైపు ఎవరైనా అంతే కదా అనేది. పాలవాడు రేపు రాను అని చెప్పడానికి ఫోన్ చేసినా, ఉంట అక్కా అనే పెడతాడు. గ్యాస్ సిలిండర్ అబ్బాయీ అంతే. ఇరవై రెండేళ్ళ కాపురంలో మీరు ప్రతి ఫోనూ ఆ మాటతోనే ముగించారు. ఈ ఒక్కసారి అది వేరే ఉంట అని నాకెట్లా తెలుస్తుంది? మిక్సీ ఆపి, ఎక్కడుంటారు, ఎవరితో ఉంటారు అని అడగాల్సింది నేనా? అట్లా ఒక్క మాటతో నా దగ్గర సెలవు తీసుకున్నానని మీరు నెమ్మదిగా ఉన్నారు. నేను సెలవివ్వలేదు. ఫోన్ పెట్టేశాను, అంతే.

మసూదాకు చెప్పాను, ఎవరికో ఒకరికి చెప్పాలి కదా. పిండి కలుపుతూ కలుపుతూ, "మీ తెలుగోళ్ళది అజీబ్ ఉంటది అక్కా. పోయెటోడు ఉంట అని చెప్పి పోతడు" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఏడుపు రాలేదు. వస్తుందేమోనని మేడమీద బట్టలారేసే తాళ్ళ మధ్య కాసేపు కూర్చున్నాను కూడా. మెట్రో రైళ్ళు పోతున్నాయి, వస్తున్నాయి. కింద ఎవరో పిల్ల గీజర్ పనిచేయడం లేదని పిలిస్తే దిగి వెళ్ళాను. కోపం రావాలి, ఎక్కడో ఉండే ఉంటుంది, నాకు అందడం లేదు. పంటి డాక్టరు సూది వేసిన బుగ్గను వేలితో నొక్కి చూసుకుంటాం కదా, అట్లా ఉన్నాను. అన్నం తింటున్నాను, పడుకుంటే నిద్ర పడుతోంది. ఇదే నాకు సిగ్గుగా ఉంది.

మాట నీదే, రమ్మంటే వస్తాను, ఉండమంటే ఉంటాను అని రాశారు. ఈ రెండు మాటలూ నేను అనను. ఒకసారి నా నోట్లో నుంచి వచ్చిన మాటను మీరు ఎట్లా వాడుకున్నారో చూశాను. మీరు ఉండదల్చుకుంటే నా ఇష్టంతో నేనే ఉండిపోయాను అనుకుని ఉండండి, నా భార్య ఉండమంది అనుకుని ఉండకండి. నా భర్తగా అయితే తిరిగి రావద్దు. కొడుకుగా మాత్రం ఒకసారి వచ్చి, బాపు పక్కన కూర్చుని, ఆయన చెవిలో మీరే చెప్పాలని నా కోరిక.

ఎందుకంటే మీ ఉత్తరంలో ఆఖరి వాక్యం అదే. బాపుకు నువ్వే నెమ్మదిగా చెప్పు అని. నెమ్మదిగా ఎట్లా చెప్పాలి? ఆయనకు చెప్పాలంటే మూడంతస్తులకూ వినపడేటట్టు అరవాలి. నలభై మంది ఆడపిల్లలున్న ఇంట్లో మీ అంకుల్ అక్కడ ఇంకొకామెతో ఉంటున్నాడని అరవనా? మీరు వచ్చేదాకా చెప్పకూడదనే అనుకున్నాను. కానీ మీ ఫోన్ వచ్చినప్పుడల్లా ఆయన నా ముఖం చూస్తూ కూర్చుంటారు. మొన్న బుధవారం ఇక దాచడం నా వల్ల కాలేదు.

ఆ రోజు చెవి డాక్టరుకు చూపించడానికి పంజాగుట్ట తీసుకెళ్ళాను. మిషన్ పెట్టుకోమన్నారు, బాపు వద్దన్నారు. తిరిగి వచ్చేటప్పుడు మెట్రో కింద బస్టాపులో నిలబడ్డాం. అక్కడ బస్సులు, హారన్లు, ఆటోవాళ్ళ కేకలు, ఎవరేం అరిచినా ఎవరికీ పట్టదు. చెబితే ఇక్కడే చెప్పాలనిపించింది. ఆయన చెవి దగ్గర వంగి, మీ కొడుకు ఇక రాడట మామా, అక్కడ వేరే ఆమెతో ఉంటున్నాడట అని గట్టిగా అరిచాను. నేను సగంలో ఉండగా సిగ్నల్ పడి బండ్లన్నీ ఆగిపోయాయి. చివరి మాట చౌరస్తా అంతా వినపడింది. స్కూటర్ మీద ఒకాయన హెల్మెట్ అద్దం ఎత్తి చూశాడు. నాకు ఆయన మీద కూడా కోపం రాలేదు.

బాపు తల ఊపారు. "తెల్సు బిడ్డా" అన్నారు.

ఎట్లా తెలుసని చేత్తో సైగ చేశాను. ఇప్పుడు నేను మీతో చెప్పాల్సింది ఒకటుంది. ఈ రెండేళ్ళ నుంచి మీరు ఫోన్లో బాపు గురించి అడగడం మానేశారు. మొదట మరిచిపోయారనుకున్నాను. ఫోన్ పెట్టగానే, ఏమన్నడు అన్నట్టు బాపు నా దిక్కు చూస్తారు, అది చూసి ఊరుకోలేకపోయాను. మీ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయని అడిగాడు మామా, మందులు వేసుకుంటున్నారా అని అడిగాడు, చలికి మఫ్లర్ కట్టుకోమన్నాడు అని చెబుతూ వచ్చాను. ఒక్కటి కూడా మీరన్నది కాదు. అన్నీ నేను కల్పించినవే. వారం వారం కొత్తవి కల్పించాను. ఒకసారి మీకు బాపు కలలోకి వచ్చారని కూడా చెప్పాను. ఆయన మీద జాలితోనే చేశాను, మీ పరువు కోసం కాదు.

బాపు బస్సు వచ్చే దిక్కు చూస్తూ మెల్లగా అన్నారు. "వాడు పుట్టినప్పటి సంది నా మోకాళ్ళ సంగతి ఎన్నడన్న అడిగిండా? గా దేశం పోయినంకనే అడుగుడు షురువైంది. అవి నువ్వే చెప్తున్నవని, వాడు ఇగ రాడని అప్పుడే సమజైంది. మంచిగ చెప్తున్నవని ఊకున్న."

ఇంతకాలం నేను ఆయనను కాపాడుతున్నాననుకున్నాను. ఆయన కూడా నన్ను చూసే ఊరుకున్నారట. బస్టాపులో అందరి ముందూ నా తల మీద చెయ్యి పెట్టారు. అప్పుడు మాత్రం ఏదో కొంచెం కదిలింది, మళ్ళీ సర్దుకుంది. బస్సు రాలేదు, షేర్ ఆటోలో ఇంటికి వచ్చాం.

నిన్న పొద్దున ఈ ఉత్తరం మొదలుపెట్టే ముందు ఆయన దగ్గరికి వెళ్ళి, మీ కొడుక్కి రాస్తున్నా మామా, మీ తరఫున ఏం రాయాలి అని అడిగాను. చాయ్ తాగుతున్నారు. గ్లాసు కింద పెట్టారు. కాసేపు నిజంగానే ఆలోచించారు, ఏదో చెబుతారని నేను ఎదురుగా కూర్చునే ఉన్నాను. తర్వాత గ్లాసు తీసుకుని మళ్ళీ తాగారు. ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి, నీ పని చూసుకో బిడ్డా అన్నారు.

కాబట్టి బాపు మీకేమీ చెప్పమనలేదు. ఆయన అన్నట్టు రాయడానికి నాకు చాలా మాటలు వచ్చు. ఈసారి ఏమీ కలపలేదు.

ఇట్లు,
మీ బాపు కోడలు
స్వరాజ్యం