కొక్కెం వైరు

కోడూరు, మంగళవారం రాత్రి

ఈ చేతులతోనే ఇవాళ మా తాపీమేస్త్రి సత్తిబాబు చెయ్యి విరగ్గొట్టాను. మా కొత్త గోడలు తడపడానికి నీళ్ళ మోటారు ముట్టుకున్నవాడు కరెంటు కొట్టి దానికే అతుక్కుపోయాడు. పక్కనున్న ఎండు వెదురుకర్రతో మూడు దెబ్బలు కొట్టాను. మూడోదానికి ఎముక ఫట్‌మంది, మనిషి ఊడి పడ్డాడు. బతికాడు.

ఆసుపత్రిలో వాళ్ళావిడ నా చొక్కా పట్టుకుంది.

"టెంపరరీ మీటరు వచ్చేసిందన్నారుగా అండీ! మీ మాట నమ్మేగా ఆయన చెయ్యి పెట్టింది!" అంటూ చెంప పగలగొట్టింది.

మీటరుకి నేనసలు అప్లికేషనే పెట్టలేదు. దొంగ కరెంటు కోసం స్తంభం మీద తీగకి కొక్కెం తగిలించింది నేనే.

ఇంటికొచ్చేసరికి తమ్ముడు కర్రతో ఆ కొక్కెం లాగేస్తున్నాడు.

"ఉంచరా! రేపు గోడలు తడపొద్దూ?" అని వాణ్ణి కింద పడేలా నెట్టాను.

వైరు ఇంకా అక్కడే వేలాడుతోంది.