గొర్రెల కోసం తిప్పిన బాణం

తమ్ముడూ ఫియక్రా,

పొగమంచు దిగితే ఇక్కడ ఫోను పలకదని నీకు తెలుసు. అందుకే పాల లారీ అతని చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. నీ షాపులో ఎర్ర సైకిలు అద్దెకు తీసుకున్న అమ్మాయి తిరిగొచ్చిందా?

పొద్దున గొర్రెలను కొండ దింపాను. సైకిళ్ళు వాటిని చెదరగొట్టకుండా, ఎప్పటిలాగే గేటు దగ్గర దారి చూపే బాణం పలకను ఊబి పక్కనున్న పాత బాటవైపు తిప్పాను. అప్పుడే నీ ఎర్ర సైకిలు మీద వచ్చింది ఆ పిల్ల.

"మఠం ఊరికి ఇటేనా అండీ?" అంది.

"బాణం చూపించిన వైపు కళ్ళు మూసుకుని పో తల్లీ," అన్నాను.

ఈ వేసవిలో పొయ్యిలో కట్టెల్లా మండే ఊబి మట్టిగడ్డల కోసం ఆ బాటకు అడ్డంగా తవ్వించింది నేనే. ఆ సంగతి గొర్రెలు దొడ్లో చేరాక గానీ గుర్తురాలేదు. పరుగెత్తుకెళ్ళి చూశాను. చక్రం జాడ గుంట అంచుదాకా ఉంది. ఎంత పిలిచినా పలుకు లేదు.

ఆమె నీ దగ్గరే ఉంటే నన్ను నోరారా తిట్టు. లేకపోతే తాళ్ళతో, మనుషులతో వెంటనే రా. ఇంకెవరూ పోకుండా గేటు కట్టేశాను. బాణాన్ని మాత్రం సరిచేయలేదు. అది చూపించే వైపే రండి. నేనూ అటే వెళ్తున్నాను.

మీ అక్క