అర్తెమిస్ దేవికి పెంచిన జుట్టు

ఫిలిస్కోస్ గారికి అర్కిప్పే నమస్కరించి రాయునది. ఇక్కడ అత్తయ్య, మన అమ్మాయి మెలిట్టా, నేను ప్రాణాలతో ఉన్నాం. అంతవరకు క్షేమమే. మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను.

మీ ఉత్తరం ముట్టడి ముగిశాకే చేరింది. అత్తయ్య దగ్గు గురించి అడిగారు, తగ్గింది. వంటింటి కప్పు మీద రాయి పడి కూలింది. ఆ వేళ లోపల ఎవరూ లేరు. మన కోట లొంగిపోయింది. మీరు సాయం అడగడానికి వెళ్లిన ఊరివాళ్లు ఓడలు పంపుతారని చివరిదాకా రేవు వైపే చూశాం.

ఊళ్లో ఎద్దులు అయిపోయాక, కోటగోడ మీది రాళ్లు విసిరే యంత్రానికి తాళ్లు పేనడానికి నరాలు దొరకలేదు. యంత్రం చూసే జోపిరోస్ ఇంటింటికీ వచ్చి ఆడవాళ్ల జుట్టు అడిగాడు. అందరికంటే ముందు అత్తయ్య కూర్చున్నారు.

"నీది వద్దు పెద్దమ్మా, పుటుక్కున తెగుతుంది."

"నీ బట్టతలకంటే నయమేలేరా, కొయ్యి!"

వీధంతా నవ్వింది. తర్వాత ఎవరూ నవ్వగా వినలేదు.

ప్రాణాలు దక్కాలంటే యంత్రాలను చెడగొట్టకుండా అప్పగించాలన్నది ముట్టడించిన రాజు షరతు. మన పెద్దలు ఒప్పుకున్నారు. జోపిరోస్ గొడ్డలి ఎత్తితే వాళ్లే చెయ్యి పట్టుకుని ఆపారు. నిన్న ఆ యంత్రాన్ని ఓడకెక్కించారు. అది మీరున్న ఊరి మీదికే వస్తోంది. ఈ ఉత్తరం తెచ్చే చేపల పడవ దానికంటే ముందే చేరాలి. చేరగానే మీరు బయలుదేరండి.

మెలిట్టా పెళ్లి ఎప్పుడని అడిగారు. ఆ మాట రాయడానికి చెయ్యి రాక ఇంతదాకా నెట్టుకొచ్చాను. పెళ్లికి ముందు అర్తెమిస్ దేవికి సమర్పించాలని చిన్నప్పటి నుంచి పెంచిన జుట్టంతా ఆ తాళ్లలోనే ఉంది. కొయ్యమని తనే అడిగింది, నేనే కోశాను. మొన్న పెళ్లికొడుకు తల్లి వచ్చి చూసింది.

"సంతలో కొన్న దాసీలా ఉంది. మా గడప తొక్కితే నలుగురూ ఏమనుకుంటారు వదినా?" అంది.

ఆవిడ జుట్టు నడుము దాకా ఉంది.

మిమ్మల్ని వచ్చేయమని రాస్తున్నానని మెలిట్టాకు చెప్పాను. అది పిండి కలుపుతూ తల ఎత్తలేదు.

"నాన్న రాడమ్మా. నిప్పు బాణాలు సిద్ధం చేయించి, అన్నిటికంటే ముందు ఆ యంత్రాన్నే కాల్చమని రాయి. జుట్టు ఇట్టే అంటుకుంటుంది" అంది.

ఇట్లు,
మీ ఇల్లాలు
అర్కిప్పే