సుద్దతో వేసిన రెండు

చిరంజీవి బొంగరానికి అమ్మ దీవెనలు.

ఇక్కడ నేనూ, నా కుట్టుమిషనూ క్షేమం. అక్కడ నువ్వూ, పిన్నీ బాగున్నారని తలుస్తాను. ఒక్కచోట నిలవవని నీకా పేరు పెట్టాను. పిన్ని ఇంట్లో గంటలకొద్దీ కూర్చుని చదువుతున్నావట! నన్ను నమ్మమంటావా?

పోయిన ఉత్తరంలో మూడు అడిగావు. నీ నీలం దుప్పటి భద్రంగా ఉంది, రోజూ నేనే కప్పుకుంటున్నాను. నీ వాసన పోతుందని ఉతకలేదు, తిట్టకు. దగ్గు తగ్గింది. పరీక్షలయ్యాక ఇంటికి వచ్చేయనా అన్నావు చూడు, అక్కడే నాలుగు రోజులుగా కలం ఆగిపోయింది.

తల్లీ, మనకిప్పుడు ఇల్లు లేదు. యజమాని అమ్మేసి ఖాళీ చేయమన్నాడు. నాలుగు నెలలైంది. కొన్నాళ్లు కుట్టు దుకాణంలో, బట్టలు కత్తిరించే బల్ల మీదే పడుకున్నాను. ఇప్పుడు షెల్టర్లో, పద్దెనిమిది మంది ఆడవాళ్లతో ఒకే హాల్లో ఉంటున్నాను. నీ ఉత్తరాలు పోస్ట్‌మన్ దుకాణానికి తెచ్చి ఇస్తున్నాడు. చెబితే చదువు మానేసి వచ్చేస్తావని దాచాను. సిగ్గేసి దాచానన్నదీ నిజమే.

ఇల్లు లేనివాళ్లకి ఇల్లు చూపించే ఆఫీసు ఉందని షెల్టర్లో చెబితే వెళ్లాను. ఇస్త్రీ మడత నలగకుండా వెళ్లాను, మీ అమ్మ సంగతి తెలుసుగా. "రాత్రి ఎక్కడ పడుకున్నారమ్మా?" అని అక్కడి మేడమ్ అడిగింది. "మా ఇంట్లోనే" అనేశాను! ఆవిడ నా బట్టలు చూసి, కాగితం పక్కన పెట్టేసింది. నా నోటికి నేనే తాళం వేసుకోవాల్సింది.

నిన్న మళ్లీ వెళ్లి, కళ్లు గట్టిగా మూసుకుని చెప్పాను, "నాకు ఇల్లు లేదు మేడమ్" అని.

"ఈ మాట ఆ రోజే అనుంటే బాగుండేదిగా! ఇక్కడికొచ్చేవాళ్లు చాలామంది మీలాగే దాస్తారమ్మా. ఇల్లు పోవడం మీ తప్పు కాదు, కూర్చోండి" అంది. ఇన్నాళ్లూ రాని ఏడుపు ఆ కుర్చీలో వచ్చింది.

కాగితంలో 'ఉండబోయేది ఎంతమంది' అని ఒక గడి ఉంది. ఒక్కరైతే మంచం పట్టేంత గది. ఇద్దరైతే కిటికీ ఉన్న గది, వేరే వంటిల్లు. అమ్మతో ఉంటానని నీ చేత్తో రాసిచ్చిన కాగితం కావాలట. పిన్ని ఇంట్లో నీకు చదువుకోడానికో బల్ల ఉంది, తోడుగా పిన్ని ఉంది. అవన్నీ వదిలి రమ్మనడానికి నోరాడట్లేదు. కానీ నువ్వు కావాలనుంది బంగారం. రోజూ కావాలనుంది.

ఆ గడి ఖాళీగా వదల్లేక, సంచిలోంచి సుద్దముక్క తీసి 'రెండు' అని వేశాను. మేడమ్ నవ్వి పెన్ను ఇవ్వబోయింది. వద్దన్నాను. మేం కుట్టేవాళ్లం బట్ట మీద ముందు సుద్దతోనే గీస్తాం. కాదనుకుంటే దులిపితే పోతుంది, కత్తెర పడితేనే వెనక్కి రాదు. సోమవారం వరకు ఆగుతానందావిడ. జవాబు దుకాణానికే రాయి. నీకు ఇష్టం లేకపోతే దులిపేస్తాను, ఏమీ అనుకోను.

అనుకుంటానులే. పైకి అనను.

ఇట్లు,
నీ దుప్పటి ఇంకా ఉతకని
అమ్మ