మొదటి వరుస

786

నల్లగొండ
సెప్టెంబరు 12, 1999

అమ్మీకి సకీనా సలాములు. అబ్బాకు కూడా నా సలాములు చెప్పు. నేనిక్కడ బాగానే ఉన్నాను. మీరంతా బాగున్నారని చెల్లి వజీరా రాసింది. రాసింది కానీ, కింద రెండు వరుసలు కొట్టేసి మరీ రాసింది. కొట్టేసిన చోట ఏముందోనని ఉత్తరాన్ని కిటికీ వెలుగుకు అడ్డం పెట్టి చూశాను. అబ్బాకు దగ్గు అని ఉంది. తగ్గిందా? తగ్గకపోతే కల్వకుర్తి దవాఖానలో చూపించండి. నా దగ్గర దాచి నన్ను ఉద్ధరించేదేమీ లేదు.

వజీరా, ఈ ఉత్తరం చదివి అమ్మీకి వినిపించేది నువ్వే కాబట్టి నీకొక మాట. ఒక్క వరుస కూడా దాటేయకు. చివర్లో ఒకచోట నీకు ఆగిపోవాలనిపిస్తుంది. ఆగకు.

అమ్మీ, నువ్వు అడిగిన వాటికి జవాబులు. కంప్యూటర్ ముందు కూర్చుంటే కళ్ళు పోతాయని ఎవరో చెప్పారన్నావు. ఆ ఎవరో మన వీధి కళ్ళద్దాల షాపు వాడే అయి ఉంటాడు, నమ్మకు. ఇంటి ఓనరు సావిత్రమ్మగారి సంగతి అడిగావు. ఆమె తీస్తుందేమోనని నా స్టవ్వు గ్యాస్‌నూనె డబ్బా మీద పెన్సిల్‌తో గీత పెట్టానని రాశాను కదా, నూనె ఇప్పుడు ఆ గీతకు కొంచెం పైన ఉంది. ఆమె నా డబ్బాలో నూనె ఎందుకు పోస్తుంది? నాకైతే అంతు పట్టలేదు. ఇంకో గీత పెట్టాను.

ఇక నేను ఆఫీసులో చేసే పనేమిటని మూడోసారి అడిగావు. ఈసారి వివరంగా చెబుతాను, ఎందుకంటే తర్వాత చెప్పబోయేదంతా దీని మీదే ఉంది.

మా ప్రాజెక్టు పని బోరింగుల నీళ్ళు పరీక్ష చేయించడం. ఈ జిల్లా నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంటుందనీ, అది ఎక్కువైతే పళ్ళు పసుపెక్కి, ఏళ్ళు గడిచేకొద్దీ ఎముకలు వంకర పోతాయనీ నీకు తెలుసు. బాబా మియా అని మా పెద్దాయన ఊరూరా తిరిగి సీసాల్లో నీళ్ళు పట్టుకొస్తాడు. ల్యాబువాళ్ళు ఫ్లోరైడ్ ఎంతుందో చీటీ మీద రాసిస్తారు. ఆ చీటీల్లోని అంకెలను నేను కంప్యూటర్‌లో ఎక్కిస్తాను. కంప్యూటర్‌లో జిల్లా మ్యాపు ఉంటుంది. ఒక్కో బోరింగుకు ఒక్కో చుక్క. మంచి నీళ్ళైతే ఆకుపచ్చ, చెడ్డవైతే ఎరుపు. ఎరుపు వచ్చిన బోరింగుకు నిజంగానే ఎర్ర రంగు పూసి, హ్యాండిల్ ఊడదీస్తారు. బాగా చెడ్డగా ఉన్న ఊళ్ళకు ముందుగా పైపుల నీళ్ళు వస్తాయి.

ఇదివరకు ఒక్కో చుక్క మీద నొక్కి చేత్తో రంగు వేసేవాళ్ళం. నాలుగు వందల చుక్కలు. ఆ పని అమరేందర్ సారుది. ఆయన హైదరాబాదులో ట్రైనింగుకు పోయి పైథాన్ అనే ఒక భాష నేర్చుకొని వచ్చాడు. పైథాన్ అంటే కొండచిలువ అట. పేరు విన్నప్పుడే నాకు నచ్చలేదు. మనుషుల భాష కాదు, కంప్యూటర్‌కు పని చెప్పే భాష. పదిహేను వరుసలు రాసిపెడితే, ఒక ఫైల్లోంచి ఊరి పేరు తీసుకొని, ఇంకో ఫైల్లోంచి ఫ్లోరైడ్ అంకె తీసుకొని, రెండూ పక్కపక్కన పెట్టి మ్యాపుకు తానే రంగులు వేయిస్తుంది. మూడు రోజుల పని టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది.

దాన్ని నాకు నేర్పుతానన్నాడు. నేనడగలేదు. ఆయనంతట ఆయనే అన్నాడు.

"నేనొక్కన్నే నేర్సుకుంటే ఏం ఫాయిదా చెల్లె? రేపు నాకు జొరమొస్తే పని ఆగుతది. కూసో, చెప్త," అన్నాడు.

నాకు అప్పుడే అనుమానం వచ్చింది. తన చేతిలోని పనిని ఊరికే ఇంకొకరికి ఎవరిస్తారు? పైగా చెల్లె అంటాడు. ఆఫీసులో చెల్లె ఏమిటి? తప్పు జరిగితే నా మీదికి తోయడానికే నేర్పుతున్నాడనుకున్నాను. అయినా కూర్చున్నాను, విద్య కదా. చెప్పులు బయట విడిచి కంప్యూటర్ ఉండే ఏసీ గదిలోకి పోతే, నెల రోజులు రోజుకొక గంట నేర్పాడు. నేను ఒక వరుస తప్పుగా రాస్తే కంప్యూటర్ అంతా ఆపేసేది. ఆయన నవ్వేవాడు. నన్ను చూసే నవ్వుతున్నాడని నేను పళ్ళు బిగించి మళ్ళీ రాసేదాన్ని.

ఒక మాట మాత్రం ప్రతిరోజూ చెప్పేవాడు. "దానికి తెలివి లేదు చెల్లె. ఏ వరుసల ఇస్తే గా వరుసలనే తీసుకుంటది. రంగులేసే ముందు అంకెలు ప్రింట్ చేసి కండ్లతోని చూడు. రెండు ఫైళ్ళల్ల వరుసలు సమానం ఉన్నయా లెక్కవెట్టు."

నాలుగు వందల అంకెలు కళ్ళతో చూడాలట. చేత్తో చేసే పని తప్పించడానికే కదా ఇదంతా? నన్ను ఆలస్యం చేయడానికే ఆ మాట అంటున్నాడనుకొని నేను చూడలేదు.

ఆగస్టులో స్క్రిప్టు మొత్తం నేనే రాశాను. ఊర్ల పేర్ల ఫైలు ఆయనది, అంకెల ఫైలు నాది. నడిపించాను. మ్యాపు ఎర్రగా, పచ్చగా మెరిసింది. ఏ బోరింగు ఎంత చెడ్డదో వరుసగా ఒక జాబితా కూడా వచ్చింది. అందులో పేర్లే వచ్చేట్టు రాశాను, అంకెలు రాకుండా.

జాబితాలో అన్నిటికంటే పైన రాళ్ళకుంట ఉంది. తిరుమలగిరి దగ్గరి పల్లె. అది అమరేందర్ సారు సొంతూరు.

అక్కడ రెండు బోరింగులున్నాయి. ఇళ్ళ మధ్య వాడకట్టులో ఒకటి, బడి దగ్గర ఒకటి. వాడకట్టుది ఎరుపు, బడిది ఆకుపచ్చ అని చూపింది. నాకు బాగా గుర్తు, వాడకట్టు చీటీ ఇస్తూ బాబా మియా, "గీ నీళ్ళు మస్తుగుంటయి బేటీ, నేను సీసా నింపినంక కడుపు నిండ తాగిన," అన్నాడు. మంచి నీళ్ళు ఎర్రగా ఎట్లా అయ్యాయి? ఎవరి ఊరికి పైపులు ముందు వస్తాయి? ఊర్ల ఫైలు ఎవరి చేతిలో ఉంది? అందులో మొదటి పేరు ఎవరి ఊరిది? నాకు అంతా తేటతెల్లమైందనిపించింది.

జాబితా చూసి అమరేందర్ సారు కూడా ఉలిక్కిపడ్డాడు. "గిది తప్పు చెల్లె. మా వాడకట్టు నీళ్ళు గిట్ల ఉండయి. ఒక్కసారి అంకెలు చూద్దాం," అన్నాడు. ఎంత బాగా నటిస్తున్నాడో అనుకున్నాను. అంకెలు చూద్దామని చెప్పి నా ఫైల్లో చెయ్యి పెడతాడని, అది ఉన్న ఫ్లాపీ తీసి నా సంచిలో వేసుకున్నాను.

రెండు రోజుల తర్వాత మా ఇంజినీరు బుచ్చయ్య సారు ఆయన్ను గదిలోకి పిలిచాడు. సొంతూరికి పైపులు తెచ్చుకోవడానికి అంకెలు మార్చాడని ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారట. విచారణ అయ్యేదాకా ఇంటి దగ్గర ఉండమన్నారు. ఆయనది కాంట్రాక్టు ఉద్యోగం, ఉండమంటే పొమ్మన్నట్టే. కానీ జాబితా అప్పటికే రంగులేసే వాళ్ళ చేతికి పోయింది. వాళ్ళు రాళ్ళకుంట వాడకట్టు బోరింగుకు ఎర్ర రంగు పూసి హ్యాండిల్ ఊడదీసుకొచ్చారు.

పదకొండు రోజుల తర్వాత ఆ ఊరి నుంచి గుర్వమ్మ అనే ఆమె ఖాళీ బిందె చంకన పెట్టుకొని ఆఫీసుకు వచ్చింది.

"గా బోరింగు పడ్డకాడికెల్లి మేం అదే తాగుతున్నం. మా వాడకట్టుల ఒక్కరికన్న పండ్లు పచ్చవడ్డయా? సూడుండ్రి!" అని నోరు తెరిచి చూపించింది. తెల్లటి పళ్ళు. "బడికాడి నీళ్ళు తాగుమంటరు. గా నీళ్ళతోని పప్పు గూడ ఉడుకది. పోరగాళ్ళకు అవే తాపుతున్నం. మా అమరేందర్ ఉంటే అడుగుదుము, ఆయన్ని గూడ ఇంట్ల కూసోవెడ్తిరి."

ఆయనే పంపించి ఉంటాడని మొదట అనుకున్నాను. కానీ అమ్మీ, ఆ పళ్ళను ఎవరూ పంపించలేరు కదా.

ఆమె పోయాక ఆ ఏసీ గదిలో ఒక్కదాన్నే కూర్చొని, ఆయన చెప్పిన వరుస రాశాను. ప్రింట్. ఊరి పేరు, పక్కన అంకె. మొట్టమొదట రాళ్ళకుంట వాడకట్టు వచ్చింది. పక్కన ఫ్లోరైడ్ ఎంతో తెలుసా?

786.

అల్లా పేరు మామూలు కాగితం మీద రాస్తే ఎవరి కాళ్ళ కిందైనా పడుతుందని, దానికి బదులు ప్రతి కాగితం పైన ఈ మూడంకెలు వేయమని చిన్నప్పుడు పలక మీద దిద్దించింది నువ్వే. నీకు తెలుగు అక్షరాలు రాకపోయినా, ఈ ఉత్తరంలో అవి ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించగలవు. అంకెల ఫైలు మొదలుపెట్టిన రోజు నా చేయి దానంతటదే పైన 786 కొట్టింది. నేను గమనించను కూడా లేదు. కంప్యూటర్‌కు ఏం తెలుసు? మొదటి వరుస కాబట్టి మొదటి బోరింగుకు తగిలించింది. అక్కడి నుంచి జిల్లాలోని నాలుగు వందల బోరింగులకూ ఒకదాని అంకె ఇంకొకదానికి పోయింది. వాడకట్టు మంచి నీళ్ళ అంకె బడి బోరింగుకు పోయి అది పచ్చగా అయింది. నిజానికి బడి నీళ్ళలో ఫ్లోరైడ్ ఉండాల్సినదానికి మూడింతలు ఉంది. పదకొండు రోజులు పిల్లలు తాగింది అవే.



వజీరా, నేను చెప్పిన చోటు ఇదే. ఆగకుండా చదువు.

అమ్మీ, ఆ ఆకాశరామన్న ఉత్తరం రాసింది నేనే. ఎడమ చేత్తో రాశాను. నాకు నేర్పినవాడి మీద రాశాను.

ఆ రోజే బుచ్చయ్య సారు గదికి పోయాను. తప్పు నా ఫైల్లో ఉందని చెప్పాను. ఉత్తరం రాసింది నేనేనని మాత్రం చెప్పలేదు. ఆయనే సొరుగు లాగి ఆ కాగితం నా ముందు పెట్టాడు.

"గిది వచ్చిన పొద్దే నువ్వు రాసినవని ఎర్కైంది," అన్నాడు.

"ఎట్ల సార్?"

ఆయన కాగితం పైభాగాన వేలు పెట్టాడు. 786. పేరు దాచాను, చేతిరాత మార్చాను, అది మాత్రం వేశాను.

"గీ ఆఫీసుల గిది రాసేటోళ్ళు మీరిద్దరే. బాబా మియాకు తెలుగు రాయరాదు. పేరు లేని ఉత్తరాలు వారానికొకటి వస్తయి, సదువకుంటనే చింపుత. దీన్ని చింపలె. పైన గిది రాసి, కింద అబద్ధం రాసే పిల్లవు కాదనుకున్న."

అమ్మీ, ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నువ్వు నేర్పిన ఆ మూడంకెలను చూసి నన్ను నమ్మాడు. వాటి కింద నేను రాసింది అది.

అమరేందర్ సారుకు కూడా చూపించారా అని అడిగాను.

"చూపించిన. పైన చూసిండు, కాగితం మళ్ళ నా చేతిల వెట్టిండు. చెప్పులు తొడుక్కొని పోయిండు."

మరుసటి రోజు బాబా మియాతో కలిసి రాళ్ళకుంటకు పోయాను. హ్యాండిల్ బిగించి, ఎర్ర రంగు గీకించి, ఆ రంగును బడి బోరింగుకు వేయించాం. జాబితా కూడా మొత్తం చేత్తో మార్చి పంపించాం. గుర్వమ్మ నా మొహంలోకి చూసి, "మా పోరగాళ్ళకు ఏమన్న అయితదా?" అని అడిగింది. పదకొండు రోజులకు ఏమీ కాదు, ఏళ్ళ తరబడి తాగితేనే అని బాబా మియా చెప్పాడు. ఆమె నమ్మినట్టు తల ఊపింది కానీ నమ్మలేదు. ఎట్లా నమ్ముతుంది?

అక్కడే అమరేందర్ సారు ఇంటికి పోయాను. ఆయన భార్య కూర్చోమనలేదు. వాకిట్లో నిలబడే అంతా చెప్పాను, ఉత్తరం సంగతి కూడా. ఆయన గడప దాటి వచ్చి విన్నాడు.

"కోపం లేదని చెప్తే అబద్ధమైతది. ఉన్నది. కొన్నొద్దులు ఉంటది," అన్నాడు. అంతే.

ఈసారి కుడి చేత్తో, కింద నా పేరుతో ఇంకో కాగితం రాసిచ్చాను. తప్పంతా నాదని, ఆయన ఏ అంకె మార్చలేదని. నన్ను తీసేస్తారేమో తెలియదు. తీసేస్తే కల్వకుర్తికి వస్తాను, అప్పుడు ఎందుకొచ్చావని అబ్బా అడగకుండా ముందే చెప్పిపెట్టు. ఆయన్ను మాత్రం సోమవారం మళ్ళీ పిలిచారు.

వచ్చాడు. నా పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఆ ఫైలు తెరిచి, మొదటి వరుసలోని 786ను తీసేయబోయాను. ఇక మీదట ఎక్కడా రాయకూడదని కూడా మనసులో అనుకున్నాను. ఆయన చేయి అడ్డం పెట్టాడు. స్క్రిప్టులో ఇంకొక్క వరుస రాయించాడు. వచ్చిన అంకె 786 అయితే దాన్ని వదిలి తర్వాతి దానికి పో, అని.

"మీరు రాసుడు మానకుండ్రి మేడం. గా అంకె బోరింగుది కాదని దానికి చెప్పుండ్రి, సాలు," అన్నాడు.

నడిపించాను. చుక్కలన్నీ వాటి వాటి రంగుల్లోకి వచ్చాయి. కానీ నేను మ్యాపు వైపు చూడలేదు, అమ్మీ. ఆయన నన్ను మేడం అన్నాడు. చెల్లె అన్నన్నాళ్ళూ అనుమానపడ్డాను. ఇప్పుడు రోజూ ఆ మాట కోసం చెవులు పెట్టుకొని కూర్చుంటున్నాను.

ఉత్తరం చదివాక నన్ను తిట్టాలనిపిస్తే, ఆ తిట్లు వజీరా చేత కొట్టేయకుండా రాయించు.

ఇట్లు,
నువ్వు ఆ మూడంకెలు దిద్దించిన నీ పెద్ద బిడ్డ,
సకీనా